లాయములోని గుఱ్ఱము, కథలోని గుఱ్ఱము

పంచకల్యాణి నెక్కిన రాజకుమారుడు ఏడు పగళ్లును ఏడు రాత్రులును ఎడతెగక స్వారిచేసి, ఎనిమిదవనాటి తెల్లవాఱున సప్తసముద్రముల కావలిగట్టున దిగి, గుఱ్ఱమునకు చెమటయైన తుడువక, నీరైన చూపక, దానిని ఊడలమఱ్ఱికి గట్టి తాను రాక్షసుని గుహలోనికి నడచిపోయెనని మా యమ్మమ్మ చెప్పుచుండగా వినుచుండిన ఆ రాత్రులలో నా కొక్క సందేహమును గలుగలేదు. మఱునాటి యుదయమున మా వీథిచివరి జట్కావాడు తన గుఱ్ఱమునకు తొట్టెడు నీరు త్రాగించి, ఉడికించిన ఉలవలు పెట్టి, వీపు మాలీసు చేసి, డెక్కలలో ఇఱుకుకొన్న రాళ్లను ఇనుపకొక్కెముతో గీకి తీసి, ఇంతయు నైన పిదపగాని దానిని బండికి పూన్పకుండుటయు చూచుచునే యుంటిని. అయినను ఆ గుఱ్ఱమును ఈ గుఱ్ఱమును ఒక్కజాతివే యను తలంపు నాకు చిరకాలము తట్టలేదు.

అద్భుతకథయందు దోషము లేదు. రెక్కలగుఱ్ఱమునకు ఉలవలెవరు పెట్టిరని అమ్మమ్మ నడుగువాడు కథ వినదగినవాడు కాడు. కాని శాసనములను సరిచూచి కాలనిర్ణయము చేసి, కోటగోడల ఎత్తులు తెలిసికొని, ఏలికల బిరుదములను తప్పులేక పేర్కొని, ఓరుగంటినిగాని విద్యానగరమునుగాని మన కన్నులయెదుట నిలుపబూనిన చారిత్రక నవలాకారుడు, అంత శ్రద్ధతో గట్టిన ఆ కోటవాకిటినుండి అమ్మమ్మకథలోని పంచకల్యాణినే వెలికి తోలునప్పుడు నా మనస్సు చివుక్కుమనును. ఆ కాలమున గుఱ్ఱము రాజద్వారమున కలంకారము మాత్రము కాదు; దానికొఱకు రాజ్యముల బంగారము సముద్రము దాటిపోయినది, దానిని పోషింప నేరని రాజు సేనను గోల్పోయినాడు. ఈ గడ్డపై దాని చరిత్రయు, దాని ప్రకృతియు కొంత విచారించినచో, కథకుడు కల్పించుకొనగల దానికంటె గాఢమైన కథయే దొరకునని నా నమ్మకము.

గుఱ్ఱము స్వభావముచేత శూరజంతువు కాదు, భీరుజంతువు. గడ్డిమైదానములలో మందగా మెలగి, క్రూరమృగము పొడగన్నంతనే పరుగే శరణముగా బ్రదికిన జాతి యది. అందుచేతనే దాని కన్నులు ముఖమున కిరుప్రక్కల నమరి, తల త్రిప్పకయే దాదాపు చుట్టును కనిపెట్టగలవు. కనరాని తావులు తోకకు సరిగా వెనుకను, నుదుటి చేరువను, ముట్టెక్రిందను మాత్రమే. చప్పుడుచేయక వెనుకనుండి గుఱ్ఱమును సమీపించు వీరుడు కథలో నెంత చతురుడైనను లాయములో తన్ను తినును. రాయలు పెంపున కిచ్చిన గుఱ్ఱమును తెనాలి రామకృష్ణుడు కొట్టములో మూసి, గోడకంతగుండ చాలీచాలని గడ్డి యందించుచు నుండెననియు, పరీక్షింపవచ్చిన పెద్దమనిషి ఆ కంతలో తల దూర్పగా గుఱ్ఱ మాతని గడ్డమును పట్టుకొనెననియు జనులు చెప్పుకొందురు. నవ్వుకై పుట్టిన ఈ కథలో గుఱ్ఱముల నెఱిగినవాని చూపొకటి దాగియున్నది: ముట్టెక్రింది వస్తువును గుఱ్ఱము చూడలేదు, పెదవులతోను, వాని చుట్టునున్న బిరుసు వెండ్రుకలతోను తడవియే గ్రహించును, ఆకలిగొన్న దానికి గడ్డమునకును గడ్డికిని భేద మేల తెలియును?

దాని భాష నోట లేదు, చెవులలో నున్నది. ముందుకు నిక్కిన చెవులు వింతను, వెనుకకు వాలి మెడ కంటుకొన్న చెవులు కోపమును, ఒకటి ముందును ఒకటి వెనుకను తిరిగిన చెవులు తనపై గూర్చున్న రౌతు మాటను వినుచున్న సావధానతను దెలుపును. చలనచిత్రములలో గుఱ్ఱము ఆగినప్పుడు సకిలించును, కదలినప్పుడు సకిలించును; లాయములోనిది ఎడబాసిన తోడిగుఱ్ఱమును పిలుచుటకో, దాణా తెచ్చువాని యడుగులు గుర్తుపట్టియో సకిలించునుగాని ఊరక సకిలింపదు. రాత్రివేళ శత్రువుల పాళెముచెంత పొంచియున్న దండులో ఒక్క గుఱ్ఱము అవతలివారి గుఱ్ఱముల వాసన పసిగట్టి పిలిచెనేని ఆ దండుగతి యేమగునో ఆలోచించిన నవలాకారునికి ఒక ప్రకరణమునకు చాలిన ఉత్కంఠ అందే లభించును.

కడుపు మాట చెప్పవలెను. గుఱ్ఱముయొక్క సుఖదుఃఖములన్నియు అచ్చటనే యున్నవి. అంత పెద్ద దేహమునకు జీర్ణాశయము మిక్కిలి చిన్నది. కావున అది ఒకమారు కడుపునిండ మేసి, పశువువలె నెమరువేయుచు పండుకొనునది కాదు, పగలు రేయి కొంచెము కొంచెముగా మేయుచునే యుండవలసినది. నోట గాలి పీల్చలేదు, ముక్కుననే ఊపిరి తీయవలెను; తిన్నదానిని వాంతి చేసికొనలేదు. తగని మేత లోనికి బోయినచో వెలికి వచ్చు దారి లేక శూల పట్టి, నేల గీరుచు, తన ప్రక్కలను తానే తిరిగి చూచుకొనుచు, పొర్లి పొర్లి ప్రాణము విడుచును. దినమునకు 25 మొదలు 50 లీటర్ల వఱకు నీరు కావలెను. ఎండలో శ్రమించిన దానికి ఇంకను అధికము. నిలుచుండి కునుకు తీయుననుట నిజమే; మోకాళ్లు ముడువకుండ బిగియు ఏర్పాటు దాని కాళ్లలో గలదు; కాని గాఢనిద్రకు అదియును పండుకొనవలసినదే, పండుకొనుటకు తోడిగుఱ్ఱ మొకటి మేలుకొని కావలి యున్నదను ధైర్యము దానికి కావలెను.

మన పూర్వులు గుఱ్ఱపు గతులను ఐదుగా విభజించిరి. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని అమరకోశము చదివిన బాలురు వల్లెవేయుదురు. జోడన, రవగాలు మున్నగు పేరులు మన ప్రబంధములలో కానవచ్చును. ఇన్ని గతుల కిన్ని పేరులు పెట్టిన జాతి కథలలో మాత్రము గుఱ్ఱమునకు ఒక్క దౌడే మిగులుట వింతగా నున్నది. గుఱ్ఱము నడచినచో గంటకు 6, 7 కిలోమీటర్లు సాగును. దుడుకునడకలో 13 మొదలు 15 వఱకు. నిండు దౌడులో 40కి పైబడును, పందెపు గుఱ్ఱము 70ని అంటగలదు. కాని ఆ దౌడు నాలుగైదు కిలోమీటర్లకే ఊపిరిని హరించును. రౌతును మోసికొని దినదినమును ప్రయాణము చేయవలసిన గుఱ్ఱము నడకను దుడుకునడకను కలుపుకొని, నడుమ దిగి నడుచు రౌతు దయతో, దినమునకు 40, 50 కిలోమీటర్లు పోయినచో మంచి ప్రయాణమే. ఓరుగంటినుండి మోటుపల్లి రేవునకు తిన్నని గీతలో కొలిచినను రమారమి 260 కిలోమీటర్లు, నడుమ కృష్ణానది. సంధ్యవేళ ఏకశిలానగరమున వార్త నందుకొన్న దూత తెల్లవాఱునప్పటికి ఆ గుఱ్ఱముపైననే సముద్రతీరమున దిగినాడని వ్రాసిన కథకుడు, ఆ గుఱ్ఱము దారిలో ఏ తావున కూలినదో కూడ వ్రాయవలెను. లేదా త్రోవపొడవునను మార్పుగుఱ్ఱముల నుంచిన లాయములను గట్టింపవలెను. నేడు దూరపుటోర్పు పందెములలో ఒక దినమున 160 కిలోమీటర్లు పరుగెత్తు గుఱ్ఱములు లేకపోలేదు. కాని అవి దానికై యేండ్లకొలది తర్ఫీదు పొందినవి, నడుమ నడుమ వైద్యులు ఆపి నాడి చూచి, గుండెవేగము తగ్గినగాని ముందుకు విడువరు.

ఇదంతయు ఇప్పటి విజ్ఞానమని, పాతకథకు దీనితో పని లేదని యెవరైన ననవచ్చును. నేను సమ్మతింపను. మన కథలలో మిక్కిలి పాతవియే గుఱ్ఱము నెక్కువ యెఱిగియున్నవి.

ద్రోణపర్వమున సైంధవవధకై ప్రతిజ్ఞ చేసిన అర్జునుడు సూర్యాస్తమయము లోపల శత్రుసేననంతయు చీల్చుకొని పోవలసియున్నాడు. కావ్యమంతటను అంతకంటె తొందరగల దినము లేదు. అట్టి దినమున, నట్టనడి మధ్యాహ్నమున, గుఱ్ఱములు బాణపు గాయములతోను దప్పితోను అలసినవని రథము నాపవలసివచ్చును. అర్జునుడు నేలకు దిగి పాదచారియై ఆ మహాసేనను తానొక్కడే నిలువరించుచుండగా, బాణముతో నేల చీల్చి నీటిమడుగు కల్పించి, బాణములతోనే చుట్టును ఇల్లు గట్టగా, కృష్ణుడు గుఱ్ఱములను కాడి విప్పి, దేహములనుండి ములుకులు పెఱికి, తన చేతులతో ఒడలు రాచి, నేలపై పొర్లనిచ్చి, నీరు త్రాగించి, మేపి, వాని బడలికయు వణకును తీఱిన పిదప మరల రథమునకు పూన్చును. పొర్లనిచ్చుట! జీను విప్పిన గుఱ్ఱము మొట్టమొదట చేయగోరు పని అదియేయని లాయములో నొక సాయంకాలము గడపిన వారెల్లరకు తెలియును. బాణములతో మడుగు త్రవ్వుట అద్భుతము. ఆ మడుగుచెంత గుఱ్ఱములకు జరిగిన ఉపచారము అక్షరాల నిజము. ఈ రెంటిని ఒక్క ఘట్టమున కలుపుటచేతనే ఆ యద్భుతము మనచేత నమ్మించుకొనుచున్నది. దేవుడు గుఱ్ఱపువాడై మాలీసు చేయుట చూచి కౌరవయోధులు నిశ్చేష్టులై నిలిచిరట; తిక్కనగారి తెలుగున ఆ పట్టు చదివినప్పుడెల్ల నేనును వారితో నిలిచిపోవుదును.

అశ్వమేధమున విడిచిన గుఱ్ఱము ఒంటరిగా భూమండలము తిరిగెనని మన యూహ. కాని దానివెంట నూఱు ముసలిగుఱ్ఱములను పంపవలెనని బ్రాహ్మణగ్రంథము విధించినది. మంద లేని గుఱ్ఱము నిలువదని ఋత్వికులకు తెలియును. మూడవ శతాబ్దమున విజయపురిలో ఇక్ష్వాకు శాంతమూలుడు అశ్వమేధము చేసెనని నాగార్జునకొండ శాసనములు చెప్పుచున్నవి. ఆ యజ్ఞాశ్వము కృష్ణాతీరమున మేయుచు దాటిపోవుటను వ్రాయబోవు నవలాకారుడు ఆ నూఱు ముదిగుఱ్ఱములను మఱవకుండునుగాక.

సిద్ధార్థుడు అర్ధరాత్రమున కంథకము నెక్కి నగరము వెడలినపుడు, డెక్కల చప్పుడునకు జనులు మేలుకొందురని దేవతలు దాని పాదములక్రింద తమ అరచేతుల నుంచిరట. సాంచిలోను, మన యమరావతిలోను శిల్పులు ఆ మహాభినిష్క్రమణమును ఱాతిలో మలచిరి. గుఱ్ఱము చప్పుడుచేయక పోలేదని యెఱిగిన కథకునికే ఆ అరచేతులు తోచును. అశ్వఘోషుడు ఇంకొక మాట చెప్పినాడు: స్వామితో ఒక్క రాత్రిలో పోయిన త్రోవను, స్వామి లేక అశ్వపాలుడు ఛందకుడును గుఱ్ఱమును ఎనిమిది దినములకు తిరిగి వచ్చిరట. కంథకము కన్నీరు గార్చుట కవికల్పనము, గుఱ్ఱము దుఃఖమున నేడువదు. కాని గడ్డి ముట్టక, అడవివైపు తిరిగి పిలుచుట మాత్రము కల్పనము కాదు.

అట్టి పరిచయము క్రమముగా మన కథలనుండి యేల తొలగినదని విచారించినప్పుడు, గుఱ్ఱము ఈ దేశమునకు చుట్టమే గాని బిడ్డ కాకపోవుట ఒక కారణమని తోచును. సింధుదేశమును, దానికి ఆవలి కాంభోజ బాహ్లికములును గుఱ్ఱములకు పుట్టినిండ్లు. దక్షిణాపథమున, అందును తీరభూములయందు, ఉక్కయు, గడ్డిలేమియు వానికి పడవు. అందుచే దక్షిణదేశపు రాజులు తరతరములుగా గుఱ్ఱములను సముద్రముమీదుగా కొనితెచ్చుకొనిరి. 13వ శతాబ్ది కడపట ఈ తీరములను జూచి, మోటుపల్లిని ముత్ఫిలి యని పేర్కొన్న వెనీసు వర్తకుడు మార్కో పోలో, పాండ్యదేశపు రాజు ఏటేట 2,000కు మించిన గుఱ్ఱములను హొర్ముజు, కీషు, ధోఫారు, ఏడెను రేవులనుండి కొనుచుండెననియు, ఆయన సోదరులును అట్లే కొనుచుండిరనియు, సంవత్సరాంతమునకు నూఱైన మిగులకుండెననియు వ్రాసినాడు. గుఱ్ఱములకు వండిన అన్నమును మాంసమును పెట్టుచుండిరట; వైద్యము తెలిసినవాడు లేడట; తెలిసినవారిని ఇచ్చటికి రానీయక వర్తకులే జాగ్రత్తపడుచుండిరట, గుఱ్ఱములు బ్రదికినచో బేరము చచ్చును గనుక. ఆ కాలపు పారశీక చరిత్రకారుడు వస్సాఫు లెక్కలో ఒక్కొక్క గుఱ్ఱము వెల 220 బంగారు దీనారములు, దారిలో చచ్చినవానికిని వెల చెల్లవలసినదే.

ఇంత సొమ్ము పోయిన చోట కథ పుట్టకుండునా? పాండ్యరాజు గుఱ్ఱములకై యిచ్చిన ధనమును మంత్రియైన మాణిక్యవాచకుడు శివాలయమునకు వెచ్చింపగా, శివుడు నక్కలను గుఱ్ఱములుగా జేసి మధురకు తోలించెననియు, రాత్రి కాగానే అవి మరల నక్కలై లాయములోని తక్కిన గుఱ్ఱములను చీల్చి పాఱిపోయెననియు తమిళదేశమున చెప్పుదురు. కొని తెచ్చిన గుఱ్ఱములు తెల్లవాఱునప్పటికి లేకపోవుటయను ప్రతియేటి దుఃఖము ఈ కథలో భక్తిరూపమున నిలిచియున్నదని నా తలంపు. పెద్దలు మఱియొకలాగున వ్యాఖ్యానింతురేమో.

విజయనగరము నాటికి ఈ వర్తకము పరాకాష్ఠ నందినది. 1535 ప్రాంతమున అచ్చట నుండిన పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు నూనిజు సాళువ నరసింహరాయనిగూర్చి వ్రాసిన దొక మాట చదివిననాటినుండి నన్ను విడువలేదు. ఆ రాజు హొర్ముజు ఏడెనులనుండి వచ్చు గుఱ్ఱములను, బ్రదికినవైనను చచ్చినవైనను, మూడింటికి వేయి వరహాల చొప్పున కొనుచుండెనట. సముద్రముమీద చచ్చినవాని తోకను మాత్రము తెచ్చి చూపినచో చాలునట, ప్రాణముతో నున్నదానికివలెనే వెల ముట్టుచుండెనట. ఓడ యడుగున వారములకొలది కదలక నిలువబడి, పండుకొన చోటులేక, నీటికి కటకటపడి, నోట వాంతియైన చేసికొనలేని ఆ జంతువుల నోడసరంగులు ఒక్కొక్కదానిని కడలిలోనికి త్రోయుచు, ముందుగా తోకను కోసి కట్టగట్టుటను కన్నులకు గట్టించుకొనుడు. ఇంతవఱకు ఏ తెలుగు నవలయందును ఆ తోకల కట్ట నాకు కానరాలేదు.

నరసింహరాయని మార్గమునే కృష్ణదేవరాయలును త్రొక్కెను. దూరద్వీపములనుండి ఏనుగులను గుఱ్ఱములను దెచ్చు వర్తకులకు ఊళ్లు, ఇండ్లు, దర్శనము, మంచి వెల యిచ్చి తనవారినిగా చేసికొనవలెననియు, ఆ గుఱ్ఱములు పగవారికి చేరకుండ చూచుకొనవలెననియు ఆముక్తమాల్యదలోని రాజనీతిలో ఆయన స్వయముగా బోధించినాడు. విజయనగరపు రాజు ఏటేట 13,000 గుఱ్ఱములను కొని, మేలైనవానిని తన లాయమున కుంచుకొని తక్కినవానిని దండనాయకులకు పంచుచుండెనని నూనిజు చెప్పును. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టినప్పటినుండి ఈ బేరపు తాళపుచెవి వారిచేతిలో పడినది. గోవాలో దిగిన గుఱ్ఱము విద్యానగరమునకు పోవునా, బిజాపురమునకు పోవునా యనుదానిపై రాజ్యముల బలాబలములు తూగినవి. హంపిలో హజారరామాలయపు వెలిగోడపై వరుసలుదీర్చి చెక్కిన గుఱ్ఱములను చూడుడు: వాగె పట్టి నడిపించువారు ప్రక్కన నున్నారు, గుఱ్ఱము మెడ వంచి అడుగులు వేయుచున్నది. శ్రీరంగమున స్తంభములనుండి ముంగాళ్లెత్తి మీదికి లేచు గుఱ్ఱములు శిల్పి కలలోనివి; ఈ గోడమీదివి శిల్పి వీథిలో చూచినవి. నాకు రెండును ప్రియములే. కాని నవల వ్రాయువాడు హంపిగోడ నెక్కువసేపు చూడవలెను.

ఇంత వెలగల ప్రాణిని యుద్ధరంగమున విడిచి, తాను మఱియొకదానిపై దూకిపోవు కథానాయకు డేమి పోగొట్టుకొన్నాడో కథకుడు గమనింపడు. గుఱ్ఱము చచ్చిన రౌతు కాలిబంటు. ఆతని జీతము తగ్గును, గౌరవము తగ్గును, కొన్నిమార్లు కుటుంబమే కూలును.

గుఱ్ఱపుసంరక్షణ మనవారి కెఱుకలేదని మార్కో పోలో వ్రాసినది పాండ్యతీరమునుగూర్చి. దక్షిణాపథమంతటికిని అది వర్తింపదు. శాలిహోత్రుని పేర వెలసిన అశ్వశాస్త్ర మెంత వ్యాపించినదనగా, హిందుస్థానీలో పశువైద్యునికి సాలోత్రి యను పేరే నిలిచినది. విరాటుని కొలువున దామగ్రంథి యను పేర నశ్వాధ్యక్షుడై దాగిన నకులుని పేరను ఒక చికిత్సాగ్రంథము గలదు. కల్యాణచాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో దేశదేశముల గుఱ్ఱముల తారతమ్యమును, వాని తర్ఫీదును, గుఱ్ఱములపై నెక్కి కఱ్ఱలతో బంతి కొట్టు వినోదమును వర్ణింపబడినవి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణములను పద్యములలో కూర్చినాడు. ఈ శాస్త్రములలో సుడుల ఫలములును, తెల్లకాళ్ల శుభాశుభములును చాల చోటు నాక్రమించుట నిజమే, పంచకల్యాణి కీర్తియు అచ్చటిదే. వానిని విశ్వసింపుమని నేను చెప్పను. అయినను సుడి యెచ్చట నున్నదో చూచుటకైన గుఱ్ఱమును ఆపాదమస్తకము తడవి చూడవలెను గదా. ఆ తడవుటలోనే సగము వైద్యమున్నది.

కాకతీయుల శాసనములలో సాహిణి యను బిరుదము గలవారు కానవత్తురు. గుఱ్ఱపుదళములపై అధికారులు వారు. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినపుడు ప్రతాపరుద్రుడు ఏనుగులతోబాటు వేలకొలది గుఱ్ఱములను అప్పగింపవలసివచ్చినది. నాడు లాయములు ఖాళీయగుట చూచిన సాహిణుల దినము వ్రాయదగిన దినము. సాహిణి మాట మాసినది, రౌతు మాత్రము సామెతలలో మిగిలినాడు. రౌతు కొద్ది గుఱ్ఱమనియు, రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడుకాళ్లతో నడచుననియు, గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదనియు పల్లెలలో నిప్పటికిని అందురు. కూర్చున్నవాని భయము, ఏమరుపాటు, చేతివణకు జీనుగుండ గుఱ్ఱమునకు తెలియుననియు, ఎక్కినవాడు ఎట్టివాడో దానికంటె ముందెవరును గ్రహింపరనియు ఈ మూడు మాటలు పలికినవారి కెఱుక.

వెలగల గుఱ్ఱమే మేలైనదనుకొనుటయు కథకుల భ్రమ. భీమానదీ ప్రాంతపు పొట్టి దక్కనీ తట్టువులు చూపున కానవు గాని, దొరకిన గడ్డి మేసి, ఱాతినేలను త్రొక్కి, తక్కువ బరువుతో దినములకొలది నడచినవి. మహారాష్ట్రుల బలమంతయు వానిపై నిలిచినది. 1677లో శివాజీ గోల్కొండకు వచ్చి, శ్రీశైలము దర్శించి, జింజిదాక సాగినపుడు ఆ త్రోవను పూర్తిచేసినది దౌడు కాదు, నడక.

మఱికొన్ని చిన్నమాటలు త్వరగా చెప్పి విడిచెదను. సాంచి శిల్పములలో రౌతు కాలిబొటనవ్రేలు దూర్చుకొను త్రాటియుచ్చు కానవచ్చునుగాని ఇనుపరికాబు లేదు. సాతవాహనకాలపు రౌతును రికాబులపై నిలువబెట్టి బల్లెము విసరించుట తగదు. తర్ఫీదు లేని గుఱ్ఱము ఏనుగు వాసనకే బెదరును. కాలు విఱిగినది మరల యుద్ధమునకు రాదు. మగగుఱ్ఱముల నడుమకు ఎదకు వచ్చిన ఆడుగుఱ్ఱము నొకదానిని విడిచినచో సేనాపతి యాజ్ఞ యచ్చట చెల్లదు.

వీనిలో నేదియు కథకు సంకెల కాదు. గుఱ్ఱము అలసినది గనుకనే దూత దారిలో ఒక పల్లెలో నాగవలసివచ్చును. ఆగినందుననే ఆ పల్లె, ఆ నుయ్యి, నీరు తోడియిచ్చిన చేయి కథలోనికి వచ్చును. గుఱ్ఱము దిగి దానివెంట నడచుచున్న వానికి ఆలోచించుకొన తీఱిక గలుగును, చదువరికి ఆతని మనస్సు తెలియును.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుని సారథియై, బాహుకుడను పేర దాగిన నలుడు గుఱ్ఱముల నెన్నుకొనబోయినపుడు బలిసి నిగనిగలాడువానిని విడిచి, బక్కచిక్కి, సింధుదేశమున బుట్టిన సుడులుగల వానిని తెచ్చును. ఇవియా మనలను మోయునవి యని రాజు కినియును. రాజు రథ మెక్కినంతనే అవి మోకాళ్లపై వ్రాలును. బాహుకుడు వానిని దువ్వి, ఊరడించి, లేవనెత్తి తోలును. నూఱు యోజనముల దూరము సాయంకాలమునకు గడచి రథము కుండినపురము చొచ్చునప్పుడు, ఆ చప్పుడు మొదట విన్నది దమయంతి కాదు. జూదమునాడు నలుని సారథి వార్ష్ణేయునిచేత ఆ పట్టణమునకు చేరి, అన్ని దినములనుండి పరుల లాయములో గట్టువడియున్న నలుని పాతగుఱ్ఱములు చెవులు నిక్కించి, పూర్వము స్వామి సన్నిధిని వలెనే చిందులు త్రొక్కినవి. ఆ పిమ్మట దమయంతి మేడపై కెక్కి చూచినది. వచ్చినవారిలో నలుని రూపుగలవాడు లేడు. క్రింద ఋతుపర్ణుడు విదర్భరాజు మర్యాదలు గైకొని లోనికి బోవుచుండగా, ఆ యింటనే భార్యయు బిడ్డలును ఉన్నారని యెఱిగిన ఆ వికృతరూపుడు రథమును శాలకు తోలుకొనిపోయి, గుఱ్ఱములను విప్పి, శాస్త్రప్రకారము ఉపచరించి, వానిని తానే ఊరడించి, పిదప రథముపైననే కూర్చుండెను.